పెద్దమనిషి నీళ్ళగిన్నె

ఫిబ్రవరి 9

పెద్దమనిషి ఇవాళ మళ్ళీ హాల్లో పోసేశాడు. పిల్లగా ఉన్నప్పుడు కూడా గడప దాటి వెళ్ళి పని కానిచ్చుకున్న కుక్క, పదేళ్ళు నిండాక ఇదేం బుద్ధో. నేను గుడ్డ పట్టుకుని తుడుస్తుంటే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. సిగ్గుపడుతున్నాడు.

మామయ్య గారు పేపరు దించకుండానే అన్నారు, "ఒరే పెద్దమనిషీ, ఫినాయిలు అంత పొయ్యద్దని మీ అమ్మకి చెప్పు. దగ్గొస్తోంది."

"కిటికీ తెరిచానని తాతయ్యకి చెప్పు నాన్నా" అన్నాను.

వాడు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. ఏడాదిగా ఈ ఇంట్లో వాడి ఉద్యోగం అదే. అనుకుని పెట్టుకున్నది కాదు. ఒకరోజు ఆయన గ్యాస్ అయిపోయిందని కుక్కతో చెప్పారు, బుక్ చేశానని నేనూ కుక్కకే జవాబిచ్చాను. అప్పట్నించీ అలాగే నడుస్తోంది. బయటివాళ్ళు వింటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. మాకు నవ్వు రావడం ఎప్పుడో మానేసింది.

వీడికి ఆ పేరు పెట్టింది మా ఆయన. తెచ్చిన మొదటి రోజే నుదురు చిట్లించుకుని గడప దగ్గర కూర్చుంటే, "తగువు తీర్చడానికొచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడే" అన్నాడు. తీర్చాల్సిన తగువు అప్పటికి ఇంట్లో ఏదీ లేదు.

ఫిబ్రవరి 12

ఇవాళ హాలు పొడిగానే ఉంది. తగ్గినట్టే.

ఫిబ్రవరి 20

తగ్గలేదు. చాప తడి, సోఫా కాళ్ళ దగ్గర తడి. వయసు మీద పడింది, అంతేనేమో.

మధ్యాహ్నం నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో, ఒకావిడ జోడుకి కాడ బిగిస్తుంటే అన్నయ్య ఫోన్. వదిన వెనక గది ఖాళీ చేయించిందట, మంచం కూడా వేయించిందట. "ఎన్నాళ్ళుంటావే అక్కడ? ఆ మనిషికీ నీకూ మాటల్లేవు. బావ పోయాక ఇంకా ఎవరున్నారని?"

"కుక్క ఉంది కదా అన్నయ్యా" అన్నాను.

కుక్క అనగానే అన్నయ్య మెత్తబడతాడు, ఎందుకంటే వదినకి కుక్క వెంట్రుక పడితే చాలు తుమ్ములు. వీడున్నన్నాళ్ళూ నేనిక్కడే, తర్వాత వాళ్ళింటికి. అలా అనుకున్నాం. వీడి కోసమే ఉన్నాను. రేపెప్పుడైనా నాకే అనుమానమొస్తే చూసుకోవడానికి ఇక్కడ రాసి పెడుతున్నాను.

మాటలు ఎందుకు లేవో అన్నయ్యకి పూర్తిగా చెప్పలేదు. మా ఆయన పోయి గంట కూడా కాలేదు అప్పటికి. ఆస్పత్రి వరండాలో, ఆ ఆకుపచ్చ కుర్చీల దగ్గర, మామయ్య గారు నా ముందుకొచ్చి నిలబడ్డారు. "ఊళ్ళో అందరికీ కళ్ళజోళ్ళు పెడతావు. ఇంట్లో మనిషి కళ్ళు పచ్చబడుతుంటే కనపడలేదా నీకు?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. తర్వాతా చెప్పలేదు.

రోజూ ఒకే అద్దం ముందు నిలబడి పళ్ళు తోముకునేవాళ్ళం. నాకు కనపడలేదు.

మార్చి 3

కాలర్ బిగించాల్సి వచ్చింది. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగులుతున్నాయి. నోరు తెరిస్తే ఒక ఘాటు వాసన. పొద్దున తిన్నది సాయంత్రం కక్కాడు, రాత్రికి గిన్నె వాసన చూసి వెళ్ళిపోయాడు.

"రేపు సెలవు పెట్టి నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నానని తాతయ్యకి చెప్పు."

"నేనూ వస్తానని అమ్మకి చెప్పు."

మార్చి 4

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసే. చేతులు మోచేతుల దాకా మడిచి, వాడిని నల్ల రబ్బరు పట్టా పరిచిన బల్ల మీదకి ఒక్కతే ఎత్తింది. చిగుళ్ళు చూసింది, మెడ మీద చర్మం లాగి వదిలింది. అది వెంటనే సర్దుకోకుండా కాసేపు అలాగే నిలబడింది.

"ఈమధ్య నీళ్ళెక్కువ తాగుతున్నాడా?"

"మామూలేనండీ" అన్నాను. "పొద్దున షాపుకి వెళ్ళేముందు గిన్నె నింపుతాను, వచ్చాక ఒకసారి. అంతే."

మామయ్య గారు వాడి చెవి నిమురుతూ, "అదేంట్రా. గిన్నె నింపేది నేను కదా. వాకింగ్ నించి రాగానే ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, టీ తాగాక ఒకసారి. డాక్టరు గారికి చెప్పు" అన్నారు.

డాక్టరమ్మ కుక్కని చూసింది, ఆయన్ని చూసింది, నన్ను చూసింది.

"మీరిద్దరూ ఉండేది ఒక ఇంట్లోనేనా?"

"అవునండీ."

"మరి గిన్నె ఇన్నిసార్లు ఖాళీ అవుతోందని ఒకరికొకరు చెప్పుకోలేదా?"

నేను బల్ల అంచు చూస్తూ నిలబడ్డాను. ఆయన పైన ఫ్యాను చూస్తున్నారు. నేను పోసింది తాగుతున్నాడని నాకు తెలుసు, ఆయన పోసింది తాగుతున్నాడని ఆయనకి తెలుసు. రెండూ కలిపి ఎవరం చూడలేదు.

రక్తం తీశారు, మూత్రం పట్టారు, పొట్ట గొరిగి స్కానింగ్ చేశారు. బీపీ చూడటానికి తోకకి పట్టీ చుట్టారు. అది చూసి మామయ్య గారికి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది, ఇద్దరం చెరో గోడ వైపూ తిరిగాం.

మార్చి 6

కిడ్నీలు.

మార్చి 7

నిన్న ఆ ఒక్క మాట మించి రాయలేకపోయాను.

రెండు కిడ్నీలూ చిన్నవైపోయాయట. రక్తంలో క్రియాటినిన్ పెరిగింది, బీపీ ఎక్కువుంది, మూత్రం చూస్తే ఉత్త నీళ్ళలా ఉంది. "కిడ్నీలకి నీళ్ళు పట్టి ఉంచే శక్తి పోయింది. తాగినవి తాగినట్టే బయటికి వెళ్ళిపోతున్నాయి, అందుకే ఆ దాహం. ఇంట్లో పోస్తున్నాడని నీళ్ళు మాత్రం ఆపకండి, ఆపితే ఎండిపోతాడు" అంది డాక్టరమ్మ. జబ్బుకి నాలుగు దశలుంటే వీడు మూడో దాంట్లో ఉన్నాడు. నయమయ్యేది కాదు. మిగిలిన కాస్తనీ ఎంత జాగ్రత్తగా వాడుకుంటే అన్నాళ్ళు.

మామయ్య గారు కుక్కని అడ్డం పెట్టుకోకుండా నేరుగా ఆమెనే అడిగారు. "ఇంట్లో వాళ్ళు ముందే చూసుకుని ఉంటే?"

"నీళ్ళ సంగతి తెలిసుంటే కొన్ని నెలలు ముందు పట్టుకునేవాళ్ళమేమో. అంతకుముందు మాత్రం ఎవరికీ తెలిసేది కాదండీ. మూడొంతులు పాడయ్యేదాకా పైకి ఏమీ కనిపించదు. తింటాడు, తిరుగుతాడు, తోకాడిస్తాడు. పక్కలో పడుకోబెట్టుకునే వాళ్ళకి కూడా కనపడదు."

"పక్కలో పడుకునే వాళ్ళకి కూడానా?"

"కనపడదండీ."

కాసేపాగి మళ్ళీ అదే అడిగారు. డాక్టరమ్మ విసుక్కోకుండా మళ్ళీ అదే చెప్పింది.

నన్నే అంటున్నారు. నాకు తెలియదా? ఆ వరండాలో అన్నది చాలక డాక్టరు నోటితో కూడా అనిపించాలని చూశారు. టాక్సీలో దారంతా కిటికీలోంచి బయటికే చూస్తూ వచ్చారు. ఇంటికొచ్చాక భోజనం వద్దన్నారు. అలిగితే అలగనీ.

మార్చి 15

వీడి కొత్త సంసారం ఇదీ. కిడ్నీ కుక్కలకని ప్రత్యేకంగా అమ్మే డబ్బా తిండి, అందులో కలపడానికో తెల్ల పొడి. తిండిలో భాస్వరం ఒంటికి పట్టకుండా ఆ పొడి అడ్డుకుంటుందట. పొద్దున బీపీ మాత్ర సగం. వాంతికి ఇంకో మాత్ర. మనుషుల నొప్పి మాత్రలు పొరపాటున కూడా వద్దు. నెలకోసారి రక్తపరీక్ష. మామయ్య గారిదీ బీపీయే కాబట్టి ఇద్దరి మాత్రలూ వంటింటి గట్టు మీద ఒకే డబ్బాలో చేరాయి.

డబ్బా తిండి వీడు ముట్టడం లేదు. గోరువెచ్చగా చేస్తే వాసన తెలిసి తింటాడని డాక్టరమ్మ చెప్పింది. వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వెచ్చబెట్టాను. మామయ్య గారు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఒరే, ఇది నేనైనా తినను. నిన్ననుకుని ఏం లాభం" అన్నారు. తర్వాత కింద కూర్చుని, ముద్ద చేసి అరచేతిలో పెట్టుకుని, ఎంతసేపో అలాగే పట్టుకున్నారు. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఎవరినైనా నిలబెట్టి పని చేయించడమే తప్ప బతిమాలడం ఆయన ఒంట్లో లేదు. ఇవాళ బతిమాలారు.

మార్చి 22

బిస్కెట్ల డబ్బా కనపడలేదని వెతికితే అటక మీదుంది. నేను పెట్టలేదు. మామయ్య గారు రోజూ టీతో బిస్కెట్లు తింటూ సగం వీడికి పెట్టేవారు. వారం నించి ఉత్త టీ తాగుతున్నారు.

ఏప్రిల్ 2

పొద్దున మెట్లు దిగుతూ పెద్దమనిషి ముందుకి కూలబడిపోయాడు. లేపితే కాళ్ళు నిలవలేదు. మామయ్య గారు వాడిని భుజం మీద వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తారు, చెప్పులు కూడా వేసుకోలేదు.

"బీపీ పూర్తిగా పడిపోయింది. మాత్ర ఎంతిచ్చారు?" అంది డాక్టరమ్మ.

"సగమే" అన్నాను.

"సగమే" అన్నారు ఆయన.

ఆమె సెలైన్ సూది పెట్టి, పట్టీ అంటించి, అప్పుడు మా వైపు తిరిగింది. "మీ తగువేంటో నాకక్కర్లేదు. మాత్ర ఎవరిచ్చారో చెప్పుకోకపోతే మాత్రం, ఇంకోసారి వీణ్ణి ఇక్కడిదాకా తేలేరు."

సాయంత్రానికి లేచి కూర్చున్నాడు. ఈ జబ్బు సంగతి ఎలా ఉన్నా, ఇవాళ వాణ్ణి చంపబోయింది మేమే. ఇద్దరం ప్రేమగానే.

ఏప్రిల్ 3

పొద్దున వంటింటి గట్టు మీద, మాత్రల డబ్బా పక్కన, స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. తీసి కడగబోయాను.

హాల్లోంచి వినిపించింది. "ఒరే, గ్లాసు బోర్లించి ఉంటే మాత్ర పడ్డట్టేనని మీ అమ్మకి చెప్పు. సాయంత్రం పనయ్యాక దాన్ని మళ్ళీ తిరగెయ్యమను."

"అలాగేనని తాతయ్యకి చెప్పు."

గ్లాసు అక్కడే ఉంచాను.

మే 11

తిండి తగ్గింది, ఒళ్ళు ఎండిపోతోంది. ఇకనించీ రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి. ప్రతిసారీ ఆస్పత్రికి ఎందుకని డాక్టరమ్మ ఇంట్లో చెయ్యడం నేర్పింది. భుజాల మధ్య చర్మం గుడారంలా పైకి లాగి అందులో సూది గుచ్చాలి. ఒకళ్ళు పట్టుకోవాలి, ఒకళ్ళు గుచ్చాలి. ఒక్క మనిషితో అయ్యే పని కాదు.

సూది నాకొచ్చింది. కళ్ళజోడు మరలు బిగించే చెయ్యి కదా, వణకదని డాక్టరమ్మ లెక్క. సీసా తగిలించడానికి మామయ్య గారు కర్టెను కమ్మీకి తన చొక్కా హ్యాంగరు వేశారు. వాడిని ఒళ్ళోకి తీసుకుని, గడ్డం వాడి తల మీద ఆనించి, "ఒన్, టూ, త్రీ" అన్నారు. వాడికి చెప్తున్నట్టే అన్నారు. మూడో అంకెకి నేను గుచ్చాను. వాడు కదల్లేదు.

నీళ్ళెక్కాక భుజం మీద బొప్పి లేచింది. "ఒంటె అయ్యావు కదరా" అన్నారు. బొప్పి నడుస్తుంటే ముందు కాలి వైపు జారింది. నేను నవ్వాను. ఆయనా నవ్వారు. ఈసారి గోడలు చూసుకోలేదు.

మే 13

ఒన్, టూ, త్రీ. బాగానే అయింది.

జూన్ 8

పరీక్ష బాగా వచ్చింది. క్రియాటినిన్ కాస్త దిగింది. పెద్దమనిషి ఇవాళ పేపరు వేసే అతని మీద మొరిగాడు. అతను పాపం భయపడ్డాడు, మేమిద్దరం గుమ్మంలో నిలబడి మురిసిపోయాం.

వాకింగ్ కూడా మొదలైంది. ఇదివరకు మైదానం చుట్టూ తిరిగేవాళ్ళు, ఇప్పుడు వీధి చివర దాకా. తిరిగొచ్చి గొలుసు విప్పుతూ మామయ్య గారు ఎప్పట్లాగే "డిస్పర్స్" అంటారు. బళ్ళో డ్రిల్లు అయ్యాక పిల్లల్ని పంపించే మాట. వాడు ఆ మాట కోసమే ఆగి, అది వినగానే చాప మీదికి వెళ్ళి పడుకుంటాడు.

అన్నయ్య ఫోన్ చేశాడు. వానలు తగ్గాక చూద్దామన్నాను. వీడి కోసమే ఉన్నాను.

జూన్ 29

మామయ్య గారికి జలుబు. వీడిని అడిగి కషాయం కావాలో వద్దో తెలుసుకుని కాచి పెట్టాను. వీడి కోసమే ఉన్నానని రాసుకున్నాక ఈ కషాయాలేమిటో.

జూలై 17

అంతా బాగుంది. రాయడానికేమీ లేదు.

ఆగస్టు 6

పొడి మానేసినా తినడం లేదు, వెచ్చబెట్టినా తినడం లేదు. ఉక్క వల్ల అయ్యుంటుంది.

ఆగస్టు 9

ఉక్క వల్లే.

ఆగస్టు 19

నోట్లో పుళ్ళు. నాలుక అంచు నల్లబడింది. క్రియాటినిన్ ఎంతో డాక్టరమ్మ చెప్పింది కానీ నేను వినలేదు, ఆమె మొహమే చూస్తున్నాను. నాలుగో దశ. రోజూ సెలైన్ పెట్టమంది, ఇంకో ఇంజెక్షన్ రాసింది. కొన్ని కుక్కలు దీన్నించి కూడా తేరుకుంటాయా అని అడిగాను. "కొన్ని తేరుకుంటాయి, కొన్ని రోజులు" అంది. కొన్ని తేరుకుంటాయి అన్నంత వరకే రాసుకుందామనుకున్నాను, ఆమె మాత్రం అక్కడితో ఆగలేదు.

సెప్టెంబర్ 3

ఒన్, టూ, త్రీ. చర్మం అట్టలా ఉంది. సూది దిగడం లేదు. రెండోసారి గుచ్చాల్సి వచ్చింది. వాడు అప్పటికీ ఏమీ అనలేదు. అరిచినా బాగుండేది.

సెప్టెంబర్ 10

నీళ్ళు తాగడం మానేశాడు. గిన్నె పొద్దున పోసినట్టే సాయంత్రం దాకా ఉంది. ఇన్నాళ్ళూ ఆ గిన్నె ఖాళీ అవుతోందని బాధపడ్డాం.

సెప్టెంబర్ 12

ఆస్పత్రికి వెళ్ళొచ్చాం. డాక్టరమ్మ వాడిని బల్ల ఎక్కించలేదు, తనే కింద కూర్చుని చూసింది. "ఇక మందుల వల్ల వాడికి ఒరిగేదేమీ లేదు. బాధ పెరుగుతుంది, అంతే. మీరు సరేనంటే ఇంటికొచ్చి ఇంజెక్షన్ చేసి నిద్రపుచ్చేస్తాను. తొందరేమీ పెట్టను. మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి" అంది.

మీరిద్దరూ మాట్లాడుకుని.

ఇంటికొచ్చి వాడిని చాప మీద పడుకోబెట్టాం. ఆయన అటు, నేను ఇటు, మధ్యలో వాడు. చివరికి ఆయనే గొంతు సవరించుకున్నారు.

"ఒరే పెద్దమనిషీ. మీ అమ్మకి చెప్పు..."

వాడు కష్టపడి తల ఎత్తి, ఎప్పట్లాగే, మాట అందుకోవడానికి సిద్ధంగా ఆయన్ని చూసి, తర్వాత నా వైపు తిరిగాడు. ఆయన నోటెంట రెండో మాట రాలేదు. ఎలా వస్తుంది? ఆ మాట వాడి చేత ఎలా చెప్పిస్తారు?

లేచి తలుపు దాకా వెళ్ళారు. గడియ మీద చెయ్యి పెట్టి వెనక్కి తిరిగారు.

"అమ్మాయ్" అన్నారు. "ఒక్కసారి బయటికి రా. వాడి ముందు వద్దు."

ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. వెళ్ళి, వెనక తలుపు దగ్గరకి లాగి, మెట్ల మీద కూర్చున్నాను. ఆయన నాకన్నా ఒక మెట్టు కింద కూర్చున్నారు, నా మొహం చూడక్కర్లేకుండా.

"ఇంక లాగద్దమ్మాయ్."

"రేపు కాస్త తింటాడేమో మామయ్యా."

"నిన్న నేనూ అదే అనుకున్నాను."

పై వాటా అతను సామాను సంచీతో వచ్చాడు. ఇద్దరం పక్కకి ఒదిగి దారిచ్చాం. అతను మమ్మల్నిద్దర్నీ అలా చూసి తొందరగా పైకి వెళ్ళిపోయాడు. అడుగుల చప్పుడు ఆగాక ఆయన మొదలుపెట్టారు.

"మావాడూ అంతే. చిన్నప్పుడు ఆటలో చెయ్యి విరిగితే సాయంత్రం దాకా చెప్పలేదు. డ్రిల్లు మాస్టార్ని, ఆ మైదానంలోనే ఉన్నాను. నాకు తెలియలేదు." రెయిలింగు మీద పెచ్చు గోటితో గీకుతూ కూర్చున్నారు. "ఆస్పత్రిలో ఆ రోజు నిన్నొక మాటన్నాను."

"గుర్తుంది."

"డాక్టరమ్మని రెండుసార్లు అడిగాను. పక్కలో పడుకునే వాళ్ళకి కూడా కనపడదంది. ఆ రోజే టాక్సీలో నీతో చెప్దామనుకున్నాను. నోరు రాలేదు. తప్పు మాటన్నానమ్మా. ఎవర్నో ఒకళ్ళని అనకపోతే ఆ పూట బతికేట్టు లేను, నువ్వు ఎదురుగా ఉన్నావు."

టాక్సీలో నేనేమనుకున్నానో ఈ డైరీలోనే ఉంది. వెనక్కి తిప్పి చూసుకోను.

"నేను నిజంగానే చూడలేదు మామయ్యా. రోజూ ఎదురుగానే ఉన్నాడు, చూడలేదు." ఇది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు. చెప్పాక ఏడుపు ఆగలేదు.

"నేనూ ఆ ఇంట్లోనే ఉన్నాను కదా" అన్నారు. వెనక్కి తిరక్కుండానే చెయ్యి వెనక్కి చాపారు. పట్టుకున్నాను.

రేపు పొద్దున రమ్మని డాక్టరమ్మకి ఫోన్ చేశాం. ఆయన నంబరు కలిపి ఇచ్చారు, నేను మాట్లాడాను.

సెప్టెంబర్ 13

కిటికీ పక్కన ఎండ పడే చోట చాప వేశాం. డాక్టరమ్మ చాలా నెమ్మదిగా చేసింది. వాడి తల నా ఒళ్ళో ఉంది. మామయ్య గారు కాలర్ విప్పారు. మెడ మీద అది ఉన్నంత మేరా వెంట్రుకలు అణిగిపోయి ఉంటే వేళ్ళతో దువ్వారు.

"డిస్పర్స్ రా, పెద్దమనిషీ" అన్నారు. గట్టిగా అనలేదు.

వాడు విన్నాడు. నాకు తెలుసు.

సెప్టెంబర్ 16

షాపుకి వెళ్ళాను. ఒకాయన కొత్త జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, "అమ్మా, నా మొహం ఇంత ముసలిదైందా" అన్నాడు. అందరూ నవ్వారు.

సెప్టెంబర్ 21

అన్నయ్య వచ్చే ఆదివారం వస్తానన్నాడు. సరే అన్నాను. సూట్‌కేసు కిందికి దించి సగం సర్దాను.

ఇంట్లో మాటల్లేవు. మెట్ల మీద అంత మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ మొదలుపెట్టడం మాత్రం ఇద్దరికీ చేతకావడం లేదు. ఆయన నోరు తెరిచి అలవాటుగా చాప వైపు చూస్తారు. అక్కడ ఎవరూ ఉండరు. నోరు మూసుకుంటారు. నేనూ అంతే. ఫ్యూజు పోయింది, కరెంటు మనిషికి ఎవరు ఫోన్ చెయ్యాలో తెలియక చాలాసేపు చీకట్లో కూర్చున్నాం. చివరికి ఇద్దరం చేశాం. అతను ఒకే ఇంటి నించి రెండు ఫోన్లేంటని విసుక్కున్నాడు.

వాడు లేడు, ఇక నేనిక్కడ ఉండాల్సిన పనేమీ లేదు. మొదట్నించీ అనుకున్నదే కదా.

సెప్టెంబర్ 25

పొద్దున లేచి వంటింట్లోకి వెళ్ళి చెంబుతో నీళ్ళు ముంచాను. తలుపు వార గిన్నె దగ్గరికి వంగి పొయ్యబోతే, అది నిండా ఉంది. గిన్నె ఇంకా అక్కడే ఉందన్న సంగతి కూడా అప్పుడే నాకు తట్టింది. ఎవరం తీయలేదు.

చెంబు చేత్తో పట్టుకునే హాల్లోకి వెళ్ళాను. మామయ్య గారు వాకింగ్ బూట్లు విప్పుకుంటున్నారు.

"మామయ్యా, గిన్నెలో నీళ్ళు మీరు పోశారా?"

ఆయన బూటు విప్పడం ఆపి నన్ను చూశారు. చాప వైపు చూడలేదు.

"అవునమ్మాయ్. రాగానే చెయ్యి దానికదే పోయింది."

"నేనూ పొయ్యబోయాను."

అడగడానికి ఎంతసేపు పట్టింది ఇది? పోయినేడు ఏదో ఒక పొద్దున, ఇలాగే చెంబు పట్టుకొచ్చి, ఈ ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. ఆయన కూడా అదే అనుకుంటున్నారని మొహం చూస్తే తెలుస్తోంది.

గిన్నె తీసి కడిగి లోపల పెట్టేద్దామని వంటింట్లోకి వచ్చాను. గట్టు మీద, మాత్రల డబ్బా పక్కన, స్టీలు గ్లాసు బోర్లించి ఉంది. చూడగానే చేతిలో గిన్నె జారబోయింది. వాడి మాత్రలన్నీ నేనే పారేశాను. నిన్న సాయంత్రం ఆ గ్లాసు మామూలుగానే ఉంది.

వెనక గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు, ఒక కాలికి బూటుతో.

"నాది" అన్నారు. "నా బీపీ మాత్ర వేసుకున్నాను. నీకు తెలియాలి కదా అని."

నేను తల ఊపాను.

మధ్యాహ్నం షాపు నించి అన్నయ్యకి ఫోన్ చేసి ఆదివారం ఊరికే భోజనానికి రమ్మన్నాను, వదినని కూడా తీసుకురమ్మన్నాను, ఇప్పుడు తుమ్ములు రావు కదా అన్నాను. సూట్‌కేసు మళ్ళీ అటక ఎక్కించాలి. దించడమంటే స్టూలు ఎక్కి దించాను, పైకి ఎత్తడం నా ఒక్కదాని వల్ల కాదు, రేపు మామయ్యనే పిలవాలి.

ఇప్పుడే గ్లాసు తిరగేసి పెట్టి వచ్చాను. పొద్దున లేవగానే అది బోర్లించి ఉందో లేదో చూసుకోవాలి.